జైలుకు వెళ్ళనివాడి కడుపుమంట

పక్కవాడు ఇల్లు కట్టాడని ఏడ్చేవాళ్ళను చూశాను. తమ్ముడి పొలంలో బోరు పడిందని రెండు రోజులు అన్నం మానేసిన మనిషి దుత్తలూరులో మా చుట్టాల్లోనే ఉన్నాడు. ఒక మనిషి జైలుకు వెళ్ళొచ్చాడని కుళ్ళుకున్నవాడు మాత్రం నాకు తెలిసి నేనొక్కడినే. గొప్పగా చెప్పుకునే సంగతి కాదిది. దాచుకుంటే లోపల పులిసిపోతోంది, అందుకని రాస్తున్నాను.

ఆత్మకూరు కోర్టులో నేను వకీలు గుమాస్తాను. ముప్పై ఏళ్ళు దాటింది. పిటిషన్లు తయారు చెయ్యడం, జామీనుదారుల్ని నిలబెట్టడం, వాయిదాలు గుర్తుపెట్టుకోవడం నా పని. కోర్టుకూ సబ్‌జైలుకూ మధ్య నేను తిరిగిన దూరం పొడుగ్గా పరిస్తే కాశీకి పోయి రావచ్చు. కొండాపురం నుంచో వరికుంటపాడు నుంచో పోలీసులు ఎవరినైనా పట్టుకొస్తే, ఆ ఇంటివాళ్ళు బస్సు దిగి ముందు అడిగేది మా వకీలు గారిని కాదు, నన్ను. జైలు గురించి, బెయిలు గురించి నాకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదని నా నమ్మకం. అట్లా అనుకోవడం తప్పని నాకు ఎవరూ చెప్పలేదు.

రెండేళ్ళ క్రితం ఒక రిటైర్డ్ జడ్జి గారు, ఆయనతో మరో నలుగురు, జిల్లా జిల్లా తిరుగుతూ ఒక పని మొదలుపెట్టారు. రిమాండు పద్ధతులు, బెయిలు పద్ధతులు ఎట్లా మార్చాలో ప్రభుత్వానికి రాసిచ్చే పని. ఆత్మకూరులో మండలాఫీసు మీటింగు హాల్లో ఒక పూట కూర్చుంటారని కబురొచ్చింది. ఆ కబురు విన్న రోజే నేను కాగితాలు ముందేసుకున్నాను. వారం రోజులు కూర్చుని పన్నెండు పేజీలు రాశాను. ఒక్కో సలహాకూ ఒక్కో ఉదాహరణ. మా ఆవిడ చదివి, "ఇంత తెలిసినోడివి ఇంట్లో గ్యాసు బుక్ చేసేది మాత్రం మర్చిపోతావే" అంది. మెచ్చుకోలు కిందే తీసుకున్నాను.

ఏర్పాట్లు చూడడానికి ముందుగా వాళ్ళ తరఫున ఒక అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. బార్ అసోసియేషన్ గదిలో కూర్చుని అందరితో మాట్లాడుతోంది. నా వంతు రాగానే పన్నెండు పేజీలూ ఆమె ముందు పెట్టాను. ఆమె మర్యాదగానే తిరగేసింది. తర్వాత తలెత్తి అడిగింది.

"మీరు లోపల ఎంతకాలం ఉన్నారండీ?"

"లోపలంటే?"

"జైల్లో."

"నేనా! నేనెందుకుంటానమ్మా జైల్లో? మా ఇంటా వంటా లేదు."

జీవితమంతా గర్వంగా చెప్పుకోవలసిన మాట అది. ఆ అమ్మాయి ముఖంలో మాత్రం చిన్న నిరాశ కనబడింది. "ఈసారి వేదిక మీద కూర్చోబెట్టేది జైల్లో ఉండి వచ్చినవాళ్ళనేనండీ. వాళ్ళ గురించి ఇన్నాళ్ళూ అందరూ మాట్లాడారు, వాళ్ళని మాత్రం ఎవరూ అడగలేదు. జడ్జి గారి పక్కన ఒక కుర్చీ వేస్తున్నాం. ఈ మండలాల నుంచి ఒకరు కావాలి. మీకు చాలామంది తెలుసు గదా, ఒకరిని చూపిస్తారా?" అంది. నా కాగితాలు ఫైల్లో పెట్టుకుంటాలెండి అని కూడా అంది. ఫైల్లో పెట్టడమంటే ఏమిటో నాకు తెలియదా? ముప్పై ఏళ్ళుగా నేను చేస్తున్న పని అదే.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నాకు ఆ సామెత గుర్తొచ్చి మనసు చేదయింది. మా వకీలు గారితో చెబితే ఆయన పగలబడి నవ్వారు. "నీకా కుర్చీ కావాలంటే ఒకటే దారి. ఈ పొద్దే పోయి ఏదో ఒకటి చేసి ఓ పది రోజులు లోపలుండి రా. బెయిలు నేను చూసుకుంటా" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి పోయాక మాత్రం అన్నం సయించలేదు.

ఆ అమ్మాయి ఒకరిని చూపించమంది గదా. చూపించాలి. నాకు తెలిసిన వాళ్ళలో బాగా మాట్లాడేవాళ్ళు, ఎదుటివాడిని నిలదీసేవాళ్ళు కనీసం అరడజను మంది ఉన్నారు. వాళ్ళెవరినీ చెప్పలేదు. వెతికి వెతికి ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసే భాయ్‌ని ఎంచుకున్నాను. ఎందుకో దాచకుండా చెబుతాను. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. కోర్టులో జడ్జి ఏదన్నా అడిగితే నా ముఖం చూసేవాడు. రేపు వేదిక మీద కూడా రెండు మాటలు మాట్లాడి తడబడి, నా వైపు చూస్తాడు. అప్పుడు నేను లేచి అందుకుంటాను. ఇదీ నా ఎత్తు.

ఆయన కేసు మామూలు కేసే. చెంచాలకూ గరిటెలకూ కావలసిన చెక్క తెచ్చుకోవడానికి కొండకు పోయి, తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఒక వ్యాను ఎక్కాడు. ఆ వ్యానులో గడ్డి కింద ఎర్రచందనం దుంగలున్నాయి. డ్రైవరు పారిపోయాడు, ఈయన దొరికాడు. మూడు నెలలు ఆత్మకూరు సబ్‌జైల్లో ఉన్నాడు. బెయిలు మేమే తెచ్చాం. ఆ తర్వాత నాలుగేళ్ళకు కేసు కొట్టేశారు. ఆయన మా ఆఫీసుకు రెండు దువ్వెనలు, ఒక పెద్ద గరిటె తెచ్చిచ్చి వెళ్ళాడు.

ఉదయగిరి బస్సెక్కి వెళ్ళాను. ఆయన ఇంటి ముందు వసారాలో భార్యాభర్తలిద్దరూ పనిలో ఉన్నారు. ఆయన బాడిశతో చెక్క చెక్కుతున్నాడు, ఆమె ఆకురాయితో చెంచా అంచులు నునుపు చేస్తోంది. నన్ను చూసి ఆయన లేచి నిలబడ్డాడు. ఆమె లోపలికి పోయి కుర్చీ తెచ్చింది. సంగతంతా చెప్పాను. జడ్జి గారి పక్కన కుర్చీ అన్న మాట మాత్రం తొందరగా దాటించేశాను.

"నేనేం మాట్లాడతాను గుమాస్తా సారూ? మీరుండారు గదా" అన్నాడు ఆయన.

ఆ మాట కోసమే కదా అంత దూరం వచ్చింది. "నేను రాసిస్తాలే భాయ్. నువ్వు నేర్చుకో చాలు. యాడన్నా ఆగిపోతే నేను పక్కనే ఉంటా" అన్నాను.

అప్పటికప్పుడు జేబులోంచి కాగితం తీసి, నేను రాసుకొచ్చింది చదివి వినిపించాను. ఆయన తెలుగు చదవలేడు, కోర్టులో సంతకం కూడా ఉర్దూలోనే పెట్టేవాడు. అందుకని నిదానంగా, విడమర్చి చదివాను. జైల్లో నీళ్ళు, మరుగుదొడ్లు, దోమలు, భోజనం, ములాఖత్ సమయాలు, అన్నీ ఉన్నాయి అందులో. ఆయన తల వంచుకుని విన్నాడు. చెయ్యి మాత్రం ఆగలేదు. నేను ముగించేసరికి చెక్క ముక్కకు గరిటె ఆకారం వచ్చింది.

"బాగుండాది సార్. కానీ అన్నం బానే పెట్టినారు సార్ నాకు" అన్నాడు.

"అట్లా అంటే ఎట్లా? లోపాలు చెప్పాల."

"చెప్తాను సార్. నాకు చెప్పాలనుండేది ఒకటే. ఆ తొమ్మిది రోజుల సంగతి."

నేను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ తొమ్మిది రోజులేమిటో ఇక్కడ చెప్పాలి. ఇప్పటిదాకా మా ఆవిడకు కూడా చెప్పని సంగతి ఇది.

ఆయన సయ్యద్. పోలీసులు రిమాండు కాగితాల్లో సరిగ్గానే రాశారు. బెయిలు పిటిషన్ నేను తయారు చేశాను. తుర్కవాళ్ళ పేరు రాయాల్సి వస్తే ముందు 'షేక్' అని పెట్టడం నా చేతికి అలవాటు. సగం మందికి అది సరిపోతుంది కూడా. ఆ రోజు పనుల తొందరలో ఆయనకూ షేక్ అనే పెట్టాను. జామీను కాగితాల్లోనూ అదే, చివరికి విడుదల ఉత్తర్వులోనూ అదే వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఆ ఉత్తర్వు జైలుకు పోతే, జైలాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, "ఈ పేరుగల మనిషి మా దగ్గర లేడు" అని వెనక్కి పంపాడు. మర్నాడు రెండో శనివారం, తర్వాత ఆదివారం, ఆ పైన పండగ సెలవులు, సెలవులయ్యాక జడ్జి గారు లీవు. తప్పు దిద్దమని నేను మళ్ళీ పిటిషన్ వేసి, అది బెంచి మీదికి వచ్చి, కొత్త ఉత్తర్వు పోయేసరికి తొమ్మిది రోజులు.

ఆ తొమ్మిది రోజులూ ఆయన భార్య రోజూ ఉదయగిరి నుంచి బస్సులో వచ్చి నా ఎదురుగా నిలబడేది. "జైలోళ్ళు కొర్రీ పెట్టినారమ్మా. వాళ్ళంతే, కాలికేస్తే మెడకు, మెడకేస్తే కాలికి" అని చెప్పాను. మా వకీలు గారికి కూడా అదే చెప్పాను. జైలాయన మీద ఊళ్ళో నాలుగు మాటలు కూడా అన్నాను. ఆయన ఆ తర్వాత బదిలీ అయి వెళ్ళిపోయాడు. అబద్ధం అక్కడే ఉండిపోయింది. కొన్నాళ్ళకు నేనే దాన్ని నిజమని నమ్మాను.

ఇప్పుడు ఈ మనిషి రిటైర్డ్ జడ్జి పక్కన కూర్చుని ఆ తొమ్మిది రోజుల గురించి మాట్లాడతానంటున్నాడు. జడ్జి అన్నవాడు ఫైలు తెప్పించమంటే? పిటిషన్ చివర, రాసిందెవరో తెలిసేలా, నా పొడి అక్షరాలే ఉన్నాయి. ముప్పై ఏళ్ళ పేరు ఒక్క పూటలో పోతుంది. "అదెందుకు భాయ్ ఇప్పుడు? పాత సంగతి. దానివల్ల మార్పేమొస్తాది? దోమల గురించి చెప్పు, అది అందరికీ పనికొస్తాది" అన్నాను. ఆయన నవ్వి, గరిటె మీద చెక్కపొడి ఊదాడు. ఆ నవ్వుకు అర్థం అప్పుడు నాకు తెలియలేదు.

అప్పటి నుంచి మీటింగు రోజు దాకా నేను పడ్డ బాధ కుడితిలో పడ్డ ఎలుక పడి ఉండదు. ఒక పక్క భయం. ఇంకో పక్క, భయం కన్నా ఎక్కువగా, అసూయ. ఆ అమ్మాయి ఇప్పుడు నాకు ఫోన్ చెయ్యడం మానేసి నేరుగా ఆయనకే చేస్తోంది. ఒకసారి ఉదయగిరి పోయి వాళ్ళింట్లో భోంచేసి వచ్చిందట. బస్సులో కండక్టరు నన్ను ఆపి, "మన చెంచాల భాయ్‌ని జడ్జీలు పిలిపించుకుంటా ఉండారంట గదా సార్, మీకు తెలుసా?" అని నన్నే అడిగాడు. తెలుసా అంటే? చూపించిందే నేను! ఆ మాట అనబోయి మింగేశాను. కోర్టులో తోటి గుమాస్తాలు, "నీ కక్షిదారుడు నిన్ను దాటిపోయినాడబ్బా" అని ఆటపట్టించారు. ఆ వారంలో మూడుసార్లు మా ఆవిడ మీద కారణం లేకుండా కేకలేశాను. మూడోసారి ఆమె, "ఏంది నీకు? ఆ సాయిబు బాగుపడితే నీ సొమ్మేం పోయింది?" అంది. నా మనసులో ఉన్నది ఆమె నోటి నుంచి రావడం నాకు ఇంకా మంట పెట్టింది.

మీటింగు రోజు వచ్చింది. హాలు నిండింది. ఊరి పెద్దలు ఉన్నారు, లాయర్లు ఉన్నారు, ఒకరిద్దరు పోలీసు అధికారులు కూడా వచ్చారు. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే పెద్ద రైతులు ముగ్గురు అలవాటు కొద్దీ వేదిక ఎక్కబోతే, ఆ అమ్మాయి చేతులు జోడించి కింద కుర్చీలు చూపించింది. వాళ్ళు మొహాలు చూసుకుని కూర్చున్నారు. నేను రెండో వరసలో, వేదిక మీదికి బాగా కనబడే చోటు చూసుకుని కూర్చున్నాను. భాయ్ తెల్ల చొక్కా వేసుకుని, టోపీ పెట్టుకుని వచ్చాడు. జడ్జి గారు లేచి నిలబడి ఆయనకు కుర్చీ లాగారు. సొంత చేత్తో గ్లాసులో నీళ్ళు పోసి ముందు పెట్టారు. ముప్పై ఏళ్ళలో ఏ జడ్జీ నన్ను కూర్చోమని కూడా అనలేదు. ఆ నీళ్ళ గ్లాసు చూస్తుంటే నా కళ్ళలో ఎవరో కారం కొట్టినట్టయింది.

"మీ ఇష్టం వచ్చినట్టు చెప్పండి. తొందరేం లేదు" అన్నారు జడ్జి గారు.

భాయ్ టోపీ సరిచేసుకున్నాడు. తడబడతాడని నేను ముందుకు వంగాను. నా వైపు చూస్తాడని చూశాను. ఆయన చూడలేదు.

"సార్, మా జైల్లో ఒక పద్ధతి ఉండాది" అని మొదలుపెట్టాడు. "బెయిలొచ్చినోడు పోయేముందు తన సబ్బు, తువ్వాలు, పళ్ళెం, గ్లాసు, అన్నీ లోపలుండేవోళ్ళకు పంచిపెట్టి పోవాల. ఇంటికి తీసకపోకూడదు. ఇచ్చింది మళ్ళీ వెనక్కి తీసుకోకూడదు. తీసుకుంటే మళ్ళీ జైలుకొస్తారని అంటారు. శుక్రవారం సాయంత్రం, నీకు బెయిలొచ్చిందని వార్డరు చెప్పినాడు. నేను నమాజు చేసుకుని అన్నీ పంచినాను. సబ్బు ఒకాయనకు, తువ్వాలు ఒకాయనకు, పళ్ళెం గ్లాసు ఒక ముసలాయనకు. అందరూ నన్ను కావిలించుకున్నారు. గేటు దాకా పోయినాను. గేటు కాడ ఆపినారు."

ముందు వరసలో పెద్ద రైతులు ముగ్గురూ తలలెత్తి ఆయన వైపు చూశారు.

"కాగితంలో షేక్ అని ఉండాది, నువ్వు సయ్యద్‌వి, పో లోపలికన్నారు. పోయినాను. ముసలాయన నా పళ్ళెం నాకు ఇయ్యబోయినాడు. నేను తీసుకోలా. తీసుకుంటే మళ్ళీ జైలుకొస్తానేమోనని భయం. నేను జైల్లోనే ఉండాను సార్, అయినా మళ్ళీ జైలుకొస్తానని భయం! తొమ్మిది రోజులు. వాళ్ళు తిన్నాక వాళ్ళ పళ్ళెం కడుక్కుని దాంట్లో తిన్నాను. సబ్బు లేకుండా స్నానం చేసినాను. తడి ఒంటి మీదే చొక్కా వేసుకున్నాను. సామాన్లన్నీ కళ్ళ ముందే ఉండాయి, నావి మాత్రం కాదు."

జడ్జి గారితో వచ్చిన నలుగురిలో ఒకాయన అడిగాడు, "ఆ తొమ్మిది రోజుల్లో మీ ఇంట్లో ఏమన్నా జరిగిందా?" ఎవరైనా పోయారా, ఏదైనా పెళ్ళి ఆగిందా అని ఆయన ఉద్దేశం.

"ఏం జరగలా సార్. ఎవురూ సావలా. అదే నేను చెప్పేది. ఏమీ జరగలా. షేక్ అనేవోడికి బెయిలొచ్చింది, వాడు జైల్లో లేడు. సయ్యద్ అనేవోడు జైల్లో ఉండాడు, వాడికి బెయిలు రాలా. మద్దెలో నేను యాడుండానో నాకే తెలియలా. మూడు నెలలూ ఒక ఎత్తు, ఈ తొమ్మిది రోజులూ ఒక ఎత్తు. మూడు నెలలు అల్లా పెట్టిన పరీక్ష అనుకున్నాను. ఈ తొమ్మిది రోజులు ఎవురు పెట్టినారో కూడా నాకు తెలియలా."

జడ్జి గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇట్లా జరగకుండా ఉండాలంటే ఏం చెయ్యాలంటారు?" అని అడిగారు. అడిగే తీరు చూస్తే, నిజంగా తెలియక అడుగుతున్నట్టే ఉంది. నా పన్నెండు పేజీల్లో దీనికి జవాబు లేదు. ఉండడానికి వీలు లేదు.

"రాసేముందు మమ్మల్ని అడగండి సార్. రాసినాక మాకు చదివి వినిపించండి. పోలీసులు నా పేరు చెప్పినారు, కోర్టులో నా పేరు పిలిచినారు, పిటిషన్లో నా పేరు రాసినారు. 'నీ పేరేంది భాయ్' అని అడిగినోళ్ళు మాత్రం ఒక్కరు లేరు. కాగితం పోయేముందు ఒక్కసారి జైలుకొచ్చి అడిగితే నిమిషం పని. అంతే సార్."

జడ్జి గారు రాసుకున్నారు. ఆ పక్కనున్న నలుగురూ రాసుకున్నారు. ఆ రోజంతా లాయర్లు, అధికారులు, పెద్దలు ఎన్నో చెప్పారు. వాళ్ళ కలాలు ఐదూ ఒకేసారి కదిలింది మాత్రం అప్పుడే. నేను లెక్కపెట్టి మరీ చూశాను. అసూయపడే మనిషి కళ్ళకు ఇట్లాంటివి భలే కనబడతాయి.

అప్పుడు జడ్జి గారు అడిగారు. "ఆ పిటిషన్ రాసింది ఎవరో తెలుసా మీకు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి అనుకోకుండా చొక్కా కాలరు మీదికి పోయింది. మా వకీలు గారు నా వైపు తిరిగి చూశారు. ఆయనకు ఆ నిమిషంలోనే అంతా అర్థమైపోయింది. చెవుల్లో రక్తం కొట్టుకుంటోంది. భాయ్ గ్లాసెత్తి రెండు గుక్కలు తాగాడు.

"రాసినాయన పేరు వద్దు సార్. ఆయన ఒక్కడే అయితే చెప్పుండేవాణ్ణి" అన్నాడు.

జడ్జి గారు తలూపి, చప్పట్లు కొట్టారు. హాలంతా కొట్టింది. నేనూ కొట్టాను. కొట్టకపోతే బాగుండదని కొట్టాను.

మీటింగు అయ్యాక ఆయన చుట్టూ జనం. ఒక పోలీసాయన కూడా చెయ్యి కలిపాడు. నేను దూరంగా నిలబడి చూశాను. సాయంత్రం ఉదయగిరి బస్సు కోసం ఆయన బస్టాండుకు నడుస్తుంటే వెనకే వెళ్ళాను. టీ అంగడి దగ్గర ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. నేను రెండు టీలు చెప్పాను. ఆయనే మొదలుపెట్టాడు.

"మీరు రాసిచ్చింది చెప్పలా సార్. కోపమా?"

"నాకెందుకు కోపం. నీకు తెలుసు గదా, ఆ పేరు రాసింది ఎవురో" అన్నాను. ఎట్లా అన్నానో నాకే తెలియదు.

"తెలుసు సార్. బయటికొచ్చిన రోజే తెలుసు. కాగితాలన్నీ నా చేతికిచ్చినారు గదా, బస్సులో చదువుకుంటా పోయినాను."

"నీకు తెలుగు చదవనొచ్చా?"

"ఏడో తరగతి దాకా తెలుగు బడే సార్. సంతకం మాత్రం ఉర్దూలో. మా అబ్బా నేర్పించింది అదొక్కటే, అందుకని అట్టనే పెడతాను. మీరెప్పుడూ అడగలా."

ఆయన వసారాలో నేను ఒక్కో అక్షరం విడమర్చి చదివింది గుర్తొచ్చి తల దించుకున్నాను. అట్లాగే అడిగాను.

"మరి ఈ పొద్దు అక్కడ నా పేరెందుకు చెప్పలా? జాలిపడినావా?"

"జాలేంది సార్? కోపం ఉండాది. ఆ పొద్దు మా ఆమెకు జైలోళ్ళదే తప్పని మీరు చెప్పినారే, దానికి ఇప్పటికీ ఉండాది." ఆయన గొంతు పెంచలేదు. టీ గ్లాసు రెండు చేతుల్లో తిప్పుతూ అన్నాడు. "మీ పేరు చెప్పుంటే ఆ పెద్దసారు మీ తట్టు తిరిగుండేవాడు. మీరు లేచుండేవాళ్ళు. మీరు బాగా మాట్లాడతారు సార్. తప్పు ఒప్పుకునేది కూడా బాగా ఒప్పుకుంటారు. అందరూ మిమ్మల్నే చూసుండేవాళ్ళు. నా తొమ్మిది రోజులు మీవైపోయుండేవి. అందుకని చెప్పలా."

బస్సొచ్చింది. ఆయన లేచి, సలాం చెప్పి, ఎక్కి వెళ్ళిపోయాడు.

జడ్జి గారు ఆ ప్రశ్న అడిగినప్పుడు చెవుల్లో రక్తం కొట్టుకుందని రాశాను. చదివినవాళ్ళు దాన్ని భయమనే అనుకుని ఉంటారు. నేనూ అట్లాగే అనుకోవాలని చూశాను. అది సగమే. మిగతా సగం ఇదీ: ఆయన నా పేరు చెబుతాడని, నేను నిదానంగా లేచి, చేతులు జోడించి, "అవునండీ, ఆ తప్పు చేసిన చెయ్యి ఇదే" అంటానని, హాలంతా ఊపిరి బిగబట్టి నా వైపే చూస్తుందని ఎదురుచూశాను. ఆ మాట అప్పటికే నా నాలుక మీద తయారుగా ఉంది. చెయ్యి ఎట్లా చాపాలో కూడా అనుకున్నాను. ఆయన వద్దన్నప్పుడు నాలో చల్లారింది భయం కాదు, ఆశ. ఆయన పళ్ళెం, సబ్బు, తొమ్మిది రోజులు నాకు ఆ నిమిషంలో గుర్తు లేవు.